మనసుకు తగిలిన దెబ్బకు ఎవరికి చూపించుకోవాలి? విజయవాడ, గుంటూరు వాళ్ల కోసం ఒక పోలిక

ఇంట్లో ఒకరికి ఏదో జరిగి నెలలు గడిచాయి. అది యాక్సిడెంట్ కావచ్చు, వరద కావచ్చు, ఏళ్ల తరబడి మొగుడి చేతిలో తిన్న దెబ్బలు కావచ్చు, చిన్నప్పుడు అయినవాడే చేసిన పాడు పని కావచ్చు. ఒంటి మీద గాయాలు మానాయి గానీ మనిషి మునుపటిలా లేడు. ఇక ఇంట్లో చర్చ మొదలవుతుంది. సైకియాట్రిస్టుకు చూపిద్దామని కొడుకు అంటాడు. ఆ మందులు అలవాటైపోతాయని తల్లి భయం. దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టిద్దామని మేనత్త పట్టు. కౌన్సెలింగ్ ఇప్పిస్తే చాలని పక్కింటి టీచరుగారి సలహా. ఎవరి మాట వినాలో తేలక ఏడాది ఇట్టే గడిచిపోతుంది. ఇది ఆ ఇంటివాళ్ల కోసం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదట ఎవరి గడప తొక్కారన్నదాని గురించి అంత మథనపడక్కర్లేదు. ట్రామాకు, అంటే మనసుకు తగిలిన ఇలాంటి పెద్ద దెబ్బకు, చికిత్స నేర్చుకున్న మనిషి ఎదుట వారం వారం, రెండు మూడు నెలల పాటు కూర్చునే ఏర్పాటు కుదురుతుందా అన్నదాని మీదే ఎక్కువ ఆలోచించండి. కింద చెప్పే ప్రతి దారినీ నేను ఆ లెక్కలోనే చూశాను.

## అసలు ఇది ట్రామాయేనా

పెద్ద దెబ్బ తగిలిన కొత్తలో నిద్ర పట్టదు, అన్నం సహించదు, చిన్న చప్పుడికి ఉలిక్కిపడతాం, ఉన్నట్టుండి ఏడుపొస్తుంది. మొదటి కొన్ని వారాలు ఇది దాదాపు అందరికీ ఉండేదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం లోకంలో 70 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అలాంటి సంఘటన ఎదురవుతుంది. అది పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, దెబ్బ తర్వాత వదలకుండా పట్టుకునే ఒత్తిడి) అనే జబ్బుగా ముదిరేది వాళ్లలో 5.6 శాతం మందికే. మిగతావాళ్లు ఇంట్లోవాళ్ల తోడుతో, తిరిగి పనిలో పడి, నెమ్మదిగా తేరుకుంటారు. కాబట్టి సంఘటన జరిగిన మూడో రోజే కంగారుపడి థెరపిస్టును వెతకక్కర్లేదు. నెల దాటినా తగ్గకపోతే, ఉద్యోగానికో చదువుకో ఇంటి పనికో అడ్డం పడుతుంటే మాత్రం ఇక ఆగకూడదు.

నాకు తెలిసిన ఒకామెది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు ఇద్దరు పిల్లలతో మేడ మీద చిక్కుకుపోయింది. నీళ్లు పోయాయి, ఇల్లు కడుక్కున్నారు, గోడలకు సున్నం కూడా వేయించారు. ఇప్పటికీ మబ్బు పడితే చాలు, ఆధార్ కార్డులూ పిల్లల సర్టిఫికెట్లూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటకెక్కిస్తుంది. రాత్రి రెండింటికి లేచి వీధి గుమ్మం దగ్గర చేత్తో నేల తడిమి చూస్తుంది. నేల పొడిగానే ఉంటుంది. మంచం మీదికి వెళ్లి పావుగంట పడుకుని మళ్లీ లేస్తుంది. నీళ్లు లేవని ఆమెకు తెలుసు, చెయ్యి మాత్రం ఆగదు. "నీళ్లు పోయి ఎన్నాళ్లయింది, ఇంకా ఇదేంటి?" అని భర్త విసుక్కుంటాడు. అతనిది చెడ్డ మనసు కాదు, అతనికీ నిద్ర లేదు.

డాక్టర్లు చూసేవి ప్రధానంగా నాలుగు. పిలవకుండానే ఆ సంఘటన కళ్ల ముందుకు రావడం, కలల్లో మళ్లీ జరగడం. దాన్ని గుర్తుచేసే చోట్లనీ మనుషుల్నీ తప్పించుకు తిరగడం. కాజా టోల్‌గేటు దగ్గర యాక్సిడెంటైన మనిషి హైవే ఎక్కకుండా పల్లెల మీదుగా చుట్టూ తిరిగి వెళ్లడం ఇలాంటిదే. మూడోది, ఒళ్లంతా ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండటం. నాలుగోది ఇంట్లోవాళ్లకు చప్పున కనపడదు. మనసు మొద్దుబారిపోతుంది, నవ్వు రాదు, తప్పంతా నాదేననిపిస్తుంది. ఏళ్ల తరబడి హింస భరించినవాళ్లలో వీటికి తోడు పట్టలేని కోపం, తన మీద తనకే అసహ్యం, ఎవరినీ నమ్మలేకపోవడం కూడా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణలో దీన్ని సంక్లిష్ట పీటీఎస్‌డీగా విడిగా చేర్చారు. దీనికి చికిత్స ఎక్కువ కాలం పడుతుంది.

మన దగ్గర చాలామందికి ఇది ముందు ఒంట్లో బయటపడుతుంది. గుండెదడ, ఛాతీలో పట్టేసినట్టుండటం, తగ్గని తలనొప్పి, గ్యాస్. ఈసీజీ తీయిస్తారు, టూడీ ఎకో తీయిస్తారు, అన్నీ నార్మల్ అంటారు. "ఏమీ లేదట, ఊరికే భయపడుతోంది" అని ఇంటికి తీసుకొస్తారు. పరీక్షలన్నీ బాగుండి బాధ మాత్రం అలాగే ఉందంటే, ఆ ఫైలు పట్టుకుని వెళ్లాల్సిన డాక్టరు వేరే ఉన్నారని అర్థం చేసుకోవాలి.

## ముందు ఇవి తేల్చుకోండి

ప్రమాదం ఇంకా నడుస్తోందా? కొట్టే మనిషి ఇంకా అదే ఇంట్లో ఉంటే, లేదా చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే, ఈ పోలికంతా పక్కనపెట్టండి. ప్రాణాపాయం ఉంటే 112. ఆడవాళ్లకు 181, పిల్లల విషయంలో 1098. చావు ఆలోచనలకు ఏ వేళైనా 14416. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం మానకండి.

ఎదుటివాళ్లు ఏం చదివారు? సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టరు. మందులు రాసే అధికారం వీళ్లకు ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతో, పద్ధతి ప్రకారం చికిత్స చేస్తారు. వాళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇక కౌన్సెలర్ అనే బోర్డు మూడు నెలల కోర్సు చేసినవాళ్లూ పెడతారు, ఏమీ చేయనివాళ్లూ పెడతారు.

మొత్తం ఖర్చెంత? ఒక్కసారి ఫీజు చూసి నిర్ణయించుకోవద్దు. ట్రామా థెరపీకి మామూలుగా 8 నుంచి 15 సెషన్లు పడతాయి. సెషన్‌కు వెయ్యి అనుకున్నా 12 సెషన్లకు 12 వేలు, పైన బస్సు చార్జీలు, పోయిన కూలి. మూడు సెషన్లకే డబ్బులైపోయి మధ్యలో ఆపేస్తే, పాత గాయం కదిలించి వదిలేసినట్టవుతుంది. మొత్తం పెట్టుకోలేం అనిపిస్తే మొదటి నుంచే ప్రభుత్వాసుపత్రి దారి పట్టడం మంచిది.

వారం వారం వెళ్లగలరా? దూరం, సెలవు, పిల్లల్ని చూసే మనిషి, ఈ మూడూ కుదరాలి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి తెనాలి నుంచో సత్తెనపల్లి నుంచో వచ్చేవాళ్లకు కొంత వెసులుబాటు దొరికింది.

గుట్టు దక్కుతుందా? రోగి వివరాలు బయటపెట్టకూడదని అదే 2017 చట్టం చెబుతోంది, ప్రాణాపాయం లాంటి కొన్ని మినహాయింపులతో. కానీ మనవాళ్ల భయం చట్టం గురించి కాదు కదా, వెయిటింగ్ హాల్లో తెలిసినవాళ్లు కనపడతారేమోనని. ఆ భయంతో గుంటూరు వాళ్లు విజయవాడకు, విజయవాడ వాళ్లు గుంటూరుకు వెళ్లడం నాకు తెలుసు. వారం వారం ఆ ప్రయాణం నడుస్తుందంటే అందులో తప్పేమీ లేదు.

## ఒక్క చూపులో

| దారి | ఒకసారికి దొరికే సమయం | ఖర్చు | దేనికి బాగుంటుంది | ఎక్కడ చాలదు |
|---|---|---|---|---|
| టెలిమానస్ ఫోన్ 14416 | మాట్లాడినంతసేపు | ఉచితం | ఎటు వెళ్లాలో తేలనప్పుడు, అర్ధరాత్రి | వరుసగా సాగే చికిత్సకు |
| జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) | మొదటిసారి ఎక్కువ, తర్వాత తక్కువ | ఉచితం, మందులతో సహా | డబ్బు లేనివాళ్లకు, దెబ్బలూ కేసూ ఉన్నవాళ్లకు | రద్దీ, మారిపోయే డాక్టర్లు |
| ఎయిమ్స్ మంగళగిరి | మొదటిసారి ఎక్కువ | నామమాత్రం | రెండు ఊళ్ల మధ్య ఉన్నవాళ్లకు | సగం రోజు పోతుంది |
| ప్రైవేటు సైకియాట్రిస్టు | తరచు పది పదిహేను నిమిషాలు | మధ్యస్థం, మందులు అదనం | నిద్ర, దడ, దిగులు బాగా ఎక్కువైనప్పుడు | మాట్లాడే చికిత్సకు |
| క్లినికల్ సైకాలజిస్టు | 45 నుంచి 90 నిమిషాలు | ఎక్కువ | అసలు ట్రామా చికిత్సకు | మందులు రాయరు |
| వీడియోలో థెరపీ | 45 నిమిషాలు, ఆ పైన | ఎక్కువ | చిన్న ఊళ్ల వాళ్లకు, గుట్టు కావాలన్నవాళ్లకు | ఇంట్లో విడి గది లేనప్పుడు |

## ఒక్కో దారిలో ఏముంటుంది

14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు ఇది. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ ఎత్తుతారు, అవసరమైతే పై నిపుణులకు కలుపుతారు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే ముందు చెప్పండి. చాలామంది ఇది చావు ఆలోచనలు వచ్చేవాళ్లకేననుకుంటారు. "మా నాన్న ఇలా ఉన్నాడు, ఎక్కడికి తీసుకెళ్లాలి?" అని కూడా నిక్షేపంగా అడగొచ్చు. ఎటూ తేలని ఇంటికి నేను మొదట చెప్పేది ఈ ఫోనే. కానీ దీన్నే చికిత్స అనుకుని ఆగిపోకూడదు.

ప్రభుత్వాసుపత్రులు. గుంటూరు జీజీహెచ్, విజయవాడ జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్, మూడింట్లోనూ మానసిక వైద్యానికి విడిగా విభాగముంది. ప్రభుత్వాసుపత్రి అనగానే ముఖం చిట్లించేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఇవి మూడూ వైద్య విద్య నేర్పే ఆసుపత్రులు. మొదటిసారి వెళ్లినప్పుడు పీజీ డాక్టరు కూర్చోబెట్టి మొత్తం అడిగి కేస్ షీటు రాస్తారు. నిద్ర, ఆకలి, తాగుడు అలవాటు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా, చిన్నప్పుడు ఏమైనా జరిగిందా, అన్నీ. ఇంత వివరంగా ఏ ప్రైవేటు క్లినిక్కులోనూ మొదటి రోజు అడక్కపోవచ్చు. ఆ తర్వాత పెద్ద డాక్టరు చూస్తారు.

కష్టాలూ ఉన్నాయి. పొద్దున్నే ఓపీ చీటీ కోసం లైను. లోపల ఒక బల్ల దగ్గర మీరు చెబుతుంటే పక్క బల్ల దగ్గరి మనిషికి వినపడుతుంది. అత్యాచారం గురించో, ఇంట్లో హింస గురించో అక్కడ నోరు పెగలదు. అలాంటప్పుడు "ఇది నలుగురిలో చెప్పేది కాదండి, విడిగా మాట్లాడాలి" అని ఒక్క ముక్క అనండి. అడగడం మీ హక్కు. ఆడ డాక్టరు కావాలని కూడా అడగండి. మరోసారి వెళ్లినప్పుడు వేరే డాక్టరు ఉండి కథంతా మొదటి నుంచి చెప్పమంటే ప్రాణం విసిగిపోతుంది. అందుకని మొదటి రోజే మిమ్మల్ని చూసిన డాక్టరు ఏయే రోజుల్లో ఓపీలో ఉంటారో కనుక్కుని అవే రోజుల్లో వెళ్లండి. విభాగంలో క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారా, థెరపీకి పేరు రాయించుకోవచ్చా అని కూడా ఆ రోజే అడగాలి. అడగనివాళ్లు మందుల చీటీతో ఇంటికి వచ్చేస్తారు.

ప్రైవేటు సైకియాట్రిస్టు. విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట వైపు వెళితే బోర్డులకు కొదవ లేదు. రోగ నిర్ధారణ త్వరగా అవుతుంది, సాయంత్రం పూట కూడా చూస్తారు, ఏళ్ల తరబడి ఒకే డాక్టరు ఉంటారు. సమయం మాత్రం తక్కువ. యాభై మంది బయట కూర్చున్నప్పుడు ఆయనైనా ఎంతసేపు వింటారు? అందుకే మంచి డాక్టర్లు పక్క గదిలో సైకాలజిస్టును పెట్టుకుంటారు. వెళ్లే ముందే ఫోన్ చేసి, "మీ దగ్గర థెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారా?" అని కనుక్కోండి. ఉన్న చోటే ఎంచుకోండి.

క్లినికల్ సైకాలజిస్టు. ట్రామాకు గట్టి ఆధారాలున్న చికిత్సలు జరిగేది ఎక్కువగా ఇక్కడే. మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో తప్పించుకు తిరిగే జ్ఞాపకాన్ని, చోట్లను, భద్రంగా ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా ఎదుర్కోనిస్తారు. 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి గంటన్నర దాకా. సీపీటీ అని పిలిచే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ 12 సెషన్ల పద్ధతి. "నేనే ఆ రోజు బండి నడపకపోతే తమ్ముడు బతికేవాడు" లాంటి ఆలోచనను కాగితం మీద పెట్టి, దానికి రుజువేంటి అని ఓపికగా తరచి చూస్తారు. ఈఎండీఆర్‌ను 1987లో ఫ్రాన్సీన్ షపీరో మొదలుపెట్టారు. జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని థెరపిస్టు వేలి కదలికను కళ్లతో అనుసరిస్తారు. చూసేవాళ్లకు విచిత్రంగా అనిపించినా ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసే పద్ధతుల్లో ఇదీ ఉంది.

మూడింటిలో ఏది గొప్ప అని ఎక్కువ ఆలోచించకండి. మీ ఊళ్లో ఏది నేర్చుకున్న మనిషి దొరికితే అదే మంచిది. జరిగినదాన్ని వివరంగా చెప్పడం ససేమిరా కుదరదు అనేవాళ్లు సీపీటీని గానీ ఈఎండీఆర్‌ను గానీ అడగొచ్చు, వాటిలో కథంతా పూసగుచ్చినట్టు చెప్పక్కర్లేదు. రాయడం, చదవడం కష్టమైనవాళ్లకు సీపీటీ కాగితాలు ఇబ్బంది పెట్టొచ్చు. వాళ్లకు మిగతా రెండూ నయం.

ఫోన్‌లోనే అడగాల్సిన ప్రశ్నలు ఇవి. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? ట్రామాకు ఏ పద్ధతి వాడతారు? దాదాపు ఎన్ని సెషన్లు? ఒక సెషన్ ఎంతసేపు? చదువుకున్న థెరపిస్టు వీటికి నొచ్చుకోరు. "అవన్నీ మీకెందుకండి, ముందు రండి" అంటే వేరే చోటు చూసుకోండి. రిజిస్ట్రేషన్ నంబరును ఆర్‌సీఐ వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. మొదటి కొన్ని సెషన్ల తర్వాత కలలు పెరగొచ్చు, చిరాకు పెరగొచ్చు. పుండు కడిగినప్పుడు మండినట్టే ఇది. చాలామంది సరిగ్గా మూడో వారమో నాలుగో వారమో మానేస్తారు. మానేముందు ఆ సంగతి థెరపిస్టుకే చెప్పండి, వేగం తగ్గిస్తారు.

కౌన్సెలర్లు. కాలేజీల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఉండేవాళ్లు వినిపించుకోవడానికి, ధైర్యం చెప్పడానికి, సరైన చోటికి పంపడానికి పనికొస్తారు. ట్రామా జ్ఞాపకాలను తవ్వే పని వాళ్లది కాదు.

వీడియోలో థెరపీ. ట్రామా చికిత్సలు వీడియోలో చేసినా ఎదురుగా కూర్చున్నంత బాగా పనిచేస్తాయని పరిశోధనల్లో తేలింది. రేపల్లెలోనో నరసరావుపేటలోనో ఉండి తెలుగు మాట్లాడే మంచి థెరపిస్టును హైదరాబాదు నుంచి పొందొచ్చు. చిక్కల్లా ఇంట్లోనే. అత్తగారు హాల్లో సీరియల్ చూస్తుంటే గదిలో కూర్చుని అసలు విషయం ఎలా చెబుతారు? మేడ మీదో, ఆగి ఉన్న కారులోనో కూర్చుని మాట్లాడేవాళ్లున్నారు. అంత మాత్రం చోటు కూడా లేకపోతే ఆసుపత్రి గదే నయం. కొట్టే మనిషి ఇంట్లోనే ఉంటే వీడియో వద్దు.

గుడి, దర్గా, ప్రార్థన. మనూళ్లలో పిల్లాడు జడుసుకున్నాడంటే ముందు తాయెత్తే కట్టిస్తారు. గుణదల మేరీమాత కొండకు వెళ్లి కూర్చుంటేనో, అమ్మవారి దర్శనం చేసుకుంటేనో మనసుకు ఊరట కలుగుతుందనేవాళ్లను నేను కాదనను. నలుగురూ తోడుండటం, భయాన్ని ఒకరి ముందు దించుకోవడం నిజంగానే మేలు చేస్తాయి. చికిత్స జరుగుతుండగా ఇవి ఆపక్కర్లేదు, డాక్టరుకు చెబితే చాలు. కొట్టేవాళ్లు, గొలుసులు వేసేవాళ్లు, పొగ పెట్టేవాళ్లు, "మందులు మానేస్తేనే పనిచేస్తుంది" అనేవాళ్ల దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం పూర్తిగా నిషేధించింది.

## మందులా, మాటలా?

ఇళ్లలో ఎక్కువ గొడవ దీని మీదే. పీటీఎస్‌డీకి ముందు వరుసలో ఉండేది ట్రామా థెరపీ. మందుల్లో సెర్ట్రలిన్, పారోక్సెటిన్ లాంటివి సాయపడతాయి. థెరపీ దొరకనప్పుడు, తోడుగా దిగులు బాగా ఉన్నప్పుడు, నిద్ర లేక కూర్చోలేనప్పుడు మందుతో మొదలుపెట్టడంలో ఏ తప్పూ లేదు. ఇవి పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వారానికే "ఏం తేడా లేదు" అని మానేయకూడదు. బాగయ్యాక కూడా చాలా నెలలు వాడమంటారు. మానేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. అలవాటుపడి బానిసలయ్యే రకం మందులు కావివి.

తల్లులు భయపడే ఆ అలవాటు వేరే గోళీలతో వస్తుంది. ఆల్‌ప్రాజొలామ్ లాంటి నిద్ర గోళీలు. చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా తెలిసిన మందుల షాపులో అడిగి తెచ్చుకునేవాళ్లు ఎందరో. రెండు మూడు రాత్రులు హాయిగా నిద్రపడుతుంది. నెలలు గడిచేసరికి ఒకటి చాలక రెండు, అది లేకపోతే చేతుల వణుకు. పీటీఎస్‌డీకి ఇవి వాడొద్దనే వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, ఎన్ని వేసుకుంటున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. నిద్ర కోసం రోజూ రాత్రి తాగేవాళ్లకూ ఇదే మాట. ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, అందుకే అదీ డాక్టరు చూపులోనే జరగాలి.

## మీ పరిస్థితి ఏది?

*ప్రమాదం జరిగి నెల కూడా కాలేదు.* ఆగండి. తిండి, నిద్ర, అయినవాళ్ల తోడు, డబ్బు ఇబ్బంది, పోయిన కాగితాలు, ముందు ఇవి చూసుకోండి. "ఏం జరిగిందో మొత్తం చెప్పు, బరువు దిగుతుంది" అని బలవంతంగా చెప్పించడం మేలు చేయదు. సంఘటన జరగ్గానే అందరినీ కూర్చోబెట్టి ఒక్కసారి చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది. బుడమేరు వరదప్పుడు పడవల్లో, డ్రోన్లతో పులిహోర పొట్లాలూ నీళ్లూ అందించినవాళ్లు మనసుకు కూడా మొదటి వైద్యం చేసినట్టే. మనిషి తనంతట తాను చెబితే మాత్రం వినండి.

*ఒక్క సంఘటన, నెలలు దాటింది, ఉద్యోగం చేసుకోగలుగుతున్నారు.* నేరుగా క్లినికల్ సైకాలజిస్టు. ఈ తరహావాళ్లు పన్నెండు పదిహేను సెషన్లలో బాగా తేరుకునే అవకాశం ఎక్కువ. డబ్బు ఖర్చు చేయదగిన చోటు ఇదే.

*మిర్చి యార్డులో హమాలీ, రోజు కూలి, వారానికో పూట కూడా మానలేరు.* జీజీహెచ్‌లో మందులతో మొదలుపెట్టి, సీజను అయ్యాక థెరపీకి పేరు రాయించుకోవడం నాకు సబబుగా తోస్తుంది. మధ్యలో 14416.

*ఇంట్లో హింస.* ముందు భద్రత, తర్వాతే థెరపీ. సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకే చోట దొరుకుతాయి, కొద్ది రోజులు ఉండటానికి చోటు కూడా ఇస్తారు. 181కి చేస్తే దారి చెబుతారు. అత్యాచార బాధితులకు ప్రభుత్వమైనా ప్రైవేటైనా ఏ ఆసుపత్రైనా వెంటనే ఉచితంగా చికిత్స చేసి తీరాలి, అది చట్టం.

*పిల్లలు.* చిన్నపిల్లలు మాటల్లో చెప్పరు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, బొమ్మలతో అదే యాక్సిడెంటు ఆట ఆడతారు, బడికి వెళ్లనని కడుపునొప్పి అంటారు. వీళ్లకు మందులకన్నా తల్లిదండ్రులతో కలిపి చేసే ట్రామా థెరపీయే మేలు. కాబట్టి పిల్లలతో పనిచేసిన అనుభవమున్న సైకాలజిస్టును అడగండి. లైంగిక వేధింపులైతే ఒకటి ముందే తెలుసుకుని వెళ్లండి. 18 ఏళ్ల లోపు పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు తెలపాలి, డాక్టరూ థెరపిస్టూ సహా. పిల్లల పేరు, బడి, ఊరు బయటపెట్టడం అదే చట్టం కింద నేరం. పరువు పోతుందని చికిత్స ఆపితే ఆ బరువు బిడ్డ ఒక్కతే మోస్తుంది. దయచేసి ఆపకండి.

*హెల్త్ పాలసీ ఉన్నవాళ్లు.* ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని చట్టం ఉంది. చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, థెరపీ మాత్రం ఓపీలో జరుగుతుంది. మీ పాలసీలో ఓపీ ఖర్చు వస్తుందో లేదో ముందే అడగండి.

## మొదటి రోజు

ఒక కాగితం రాసుకుని వెళ్లండి. ఎప్పటి నుంచి, నిద్ర ఎన్ని గంటలు, ఏవి తప్పించుకుంటున్నారు, ఏ మందులు వాడుతున్నారు, తాగుడు ఎంత. జరిగినదంతా ఆ రోజే చెప్పాల్సిన పని లేదు. "యాక్సిడెంట్ తర్వాత నుంచి ఇలా ఉంది" అన్నా చాలు. తోడు వచ్చినవాళ్లు కాసేపు బయట కూర్చోవాలి. మొగుడో అమ్మో పక్కనుంటే చాలామంది సగమే చెబుతారు.

ఎనిమిది సెషన్లయినా, రెండు నెలలు మందు వాడినా ఏ తేడా లేదంటే ఫైలు పట్టుకుని ఇంకొకరికి చూపించుకోండి. డాక్టరును మార్చడం నమ్మకద్రోహమేమీ కాదు. థెరపిస్టు హేళనగా మాట్లాడితే, తప్పు మీదేనన్నట్టు అంటే, ఎనిమిది దాకా ఆగక్కర్లేదు, ఆ రోజే మార్చండి.

ఇక అసలు రానంటే రానని భీష్మించుకునే మనిషి ఉంటారు. "నాకేమైనా పిచ్చా, ఎర్రగడ్డకు పంపుతారా?" అని ఎగిరిపడతారు. వాదించకండి. ముందు ఇంట్లోవాళ్లు వెళ్లి మాట్లాడి రావచ్చు, లేదా 14416కి మీరే చేయొచ్చు. మనిషితో జబ్బు పేరు ఎత్తకుండా, "నిద్ర కోసం చూపిద్దాం" అనండి. ఆ మాట అబద్ధం కూడా కాదు, నిద్ర లేకపోవడం నిజమే కదా. ఒక్కసారి వచ్చి నచ్చకపోతే మళ్లీ రమ్మనం అని మాటివ్వండి, ఇచ్చాక ఆ మాట మీద నిలబడండి.